కల్పిత సముద్రాలు, నిజమైన ఓడలు



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు పిల్లలకు చరిత్ర చెప్పేవారు, కథలూ చెప్పేవారు. ఒకదానికి రెండోది అడ్డమని ఆయన ఏనాడూ అనుకోలేదు. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ఆ రెండూ కలిసే చోటు ఎంచుకున్నాను. మధ్యయుగాలను తలపించే కాల్పనిక లోకాల్లో ఓడలు, సముద్రయానం నేటి విషయం.

‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ చదివి సమరసేనుడితో పాటు ఓడలెక్కిన తరం మాది. ఇవాళ మన యువ రచయితలు సొంత లోకాలు కడుతున్నారు, రాజ్యాలకు పటాలు గీస్తున్నారు. చాలా సంతోషం. అయితే ఆ పటాల్లో సముద్రం తరచు ఉత్త నీలిరంగుగా మిగిలిపోతోంది. ఒక అధ్యాయం చివర ఓడెక్కిన వీరుడు తర్వాతి అధ్యాయం మొదట్లో దిగిపోతాడు. గాలి ఎటునుంచి వీచింది, తాగునీళ్లు ఎన్నాళ్లు వచ్చాయి, చుక్కాని ఎవరు పట్టారు అన్న ఊసే ఉండదు. నేను చెప్పదలచింది ఒక్కటే. అద్భుతాన్ని ఓడ చేరే తీరంలో పెట్టండి, ఓడను మాత్రం నిజంగా కట్టండి. ఓడ ఎంత నిజమైతే తీరం అంత అద్భుతమవుతుంది.

సింద్‌బాద్ సరుకులు

సింద్‌బాద్ ఏడు యాత్రలనూ ఈ దృష్టితో మళ్లీ చదవండి. అతను వర్తకుడు. సరుకు కొంటాడు, బస్రా వైపు వెళ్లి ఓడ మాట్లాడుకుంటాడు, తోటి వర్తకులతో రేవు నుంచి రేవుకు బేరాలు చేస్తాడు. ఇదంతా ఆనాటి వర్తకులు నిజంగా చేసిన పనే. ఆ తర్వాతే దీవి అనుకున్నది తిమింగలమై కదులుతుంది, ఆకాశాన్ని కమ్మే రుఖ్ పక్షి వస్తుంది. మూటలు కట్టిన మనిషిని నమ్మాం కాబట్టే పక్షినీ నమ్ముతాం.

ఈ కథల వెనుక నావికుల నోటి మాటలున్నాయి. 10వ శతాబ్దంలో బుజుర్గ్ ఇబ్న్ షహ్రియార్ అనే ఓడ నాయకుడి పేరిట ‘అజాయిబ్ అల్ హింద్’ అనే గ్రంథం వెలిసింది. హిందూ మహాసముద్రం మీద తిరిగిన ఓడవాళ్లు చెప్పుకున్న వింతల సంపుటి అది.

మేకు లేని ఓడ

ఆ ఓడలు ఎలాంటివి? పలకలకు అంచుల వెంట రంధ్రాలు చేసి, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి బిగించేవారు. ఇనుప మేకులు ఉండేవి కావు. 13వ శతాబ్దంలో హొర్ముజ్ రేవులో ఇలాంటి ఓడలను చూసిన మార్కో పోలో వాటిలో ప్రయాణం ప్రమాదమని రాశాడు. కానీ కుట్టిన ఓడను తేలిగ్గా తీసిపారేయలేం. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 9వ శతాబ్దపు కుట్టు ఓడ బయటపడింది. అందులో సుమారు 60,000 చైనా పింగాణీ, మట్టి పాత్రలు దొరికాయి. దాన్ని నమూనాగా తీసుకుని ఒమాన్‌లో 18 మీటర్ల ఓడను పాత పద్ధతిలోనే కుట్టారు. ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ అనే ఆ ఓడ 2010 ఫిబ్రవరిలో బయలుదేరి కొచ్చి, గాలే, పెనాంగ్ మీదుగా జులైలో సింగపూర్ చేరింది. మన కోస్తాలో అలల పోటు తట్టుకుంటూ ఓడల నుంచి సరుకు దించిన మసూలా పడవలు కూడా కుట్టు పడవలే. అల కొట్టినప్పుడు కుట్టు కొంచెం సాగి దెబ్బను ఓర్చుకుంటుంది.

ఇక గాలి. నైరుతి గాలి అరేబియా నుంచి ఓడను మన వైపు తెస్తుంది, ఈశాన్య గాలి తిరిగి తీసుకుపోతుంది. నైరుతి ఉద్ధృతంగా ఉన్న వాన నెలల్లో పడమటి తీరపు రేవులు మూతపడేవి. అదను తప్పిన వర్తకుడు పరాయి రేవులో నెలల తరబడి గాలి మారేదాకా ఆగాల్సిందే. ఆ ఆగడంలోనే అతను అక్కడి భాష నేర్చాడు, పెళ్లి చేసుకున్నాడు, గుడో మసీదో కట్టాడు. రచయితకు ఎంత సామగ్రి! ఒక్క గాలి నియమంతో ఒక ఊరే పుడుతుంది.

దారి చూపేది నక్షత్రం. అరబ్బు నావికుల చేతిలో ‘కమాల్’ ఉండేది. చిన్న చెక్కపలక, దానికి ముడులు వేసిన తాడు. తాడును పళ్లతో పట్టుకుని, పలక కింది అంచును దిగంతానికీ పై అంచును ధ్రువనక్షత్రానికీ సరిచూస్తే ఉత్తర దక్షిణాల్లో ఓడ ఎక్కడుందో తెలిసేది. ఒక్కో రేవుకు ఒక్కో ముడి. ఏ మంత్రదండానికి తీసిపోతుంది ఇది?

మోటుపల్లి మాట

ఇప్పుడు మన తీరానికి వద్దాం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వగైరా సర్వస్వాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల నుంచి న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ రాజు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం అన్నాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాల ప్రస్తావన అందులో ఉంది.

ఈ శాసనం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. సముద్రం నుంచి బతికి బయటపడ్డవాడిని ఒడ్డు దోచుకునేది! కల్పిత లోకాల్లో సముద్ర రాక్షసులను సృష్టించేవారు ఈ ఒడ్డును కూడా చూడాలి. పగిలిన ఓడలోని సరుకు ఎవరిది? ఈ ప్రశ్నకు మీ రాజు ఇచ్చే జవాబే అతని వ్యక్తిత్వం.

ఆ 13వ శతాబ్దపు చివర్లోనే మార్కో పోలో ‘ముత్ఫిలి’ గురించి, అక్కడ పాలించే వివేకవతి అయిన రాణి గురించి రాశాడు. అది మోటుపల్లి సీమ అనీ ఆ రాణి రుద్రమదేవి అనీ చరిత్రకారుల అభిప్రాయం. పాములు నిండిన లోయలోకి మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్న కథను అతను ఈ నేలకే అంటగట్టాడు. సింద్‌బాద్ రెండో యాత్రలోని వజ్రాల లోయ కథ కూడా ఇదే. 4వ శతాబ్దపు ఎపిఫానియస్ అనే రచయిత గ్రంథంలోనే దీని పాత రూపం ఉంది. అంటే ఓడవాళ్ల కల్పనలో అద్భుత తీరం మన తెలుగు తీరమే. సుంకం లెక్కలు రాసిన రేవు, గద్దలు వజ్రాలు మోసే రేవు ఒక్కటే.

మంత్రానికీ హద్దు

ఆధునికుల్లో ఈ రహస్యం బాగా పట్టుకున్నది ఉర్సులా లెగ్విన్. 1968లో వచ్చిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో లోకమంతా దీవులే. గాలిని పిలవగల మాంత్రికులు ఓడల మీద కొలువు చేస్తారు. కానీ ఒకచోట వాన కురిపిస్తే మరోచోట కరువు రావచ్చన్న భయం వాళ్ల చదువులో ఒక ముఖ్య పాఠం. పడవ పగిలినప్పుడు కథానాయకుడు గెడ్ విరిగిన చెక్కలను మంత్రంతో కూర్చి ప్రయాణిస్తాడు. మంత్రం సడలితే ఆ పడవ విడిపోతుంది. చివరికి ఒక ముసలి జాలరి కంటి జబ్బు నయం చేసి, అతని నిజమైన పడవ తీసుకుంటాడు. ముక్కు మీద కళ్లు చిత్రించిన ఆ పడవ ‘లుక్‌ఫార్’ మీదే కడపటి ప్రయాణం సాగుతుంది. మహా మాంత్రికుడికి కూడా మంచి వడ్రంగి కట్టిన పడవ కావాలి. ఈ వినయమే ఆ పుస్తకానికి బలం.

టోల్కీన్ మరో వైపు నుంచి వచ్చాడు. ఆయన మరణానంతరం 1980లో అచ్చయిన ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’లో అల్డారియన్ అనే నావిక రాజు కథ ఉంది. అతని ఓడల కోసం అవతలి తీరంలో అడవులు నరుకుతారు, అక్కడి జనం పగబడతారు, ఇంట్లో ఎదురుచూసే భార్య మనసు గడ్డకడుతుంది. ఓడ ఖరీదు కలప లెక్కల్లో తేలేది కాదని ఆ కథ చెబుతుంది.

యువ రచయితలారా, పటం గీసే ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. మీ సముద్రం మీద ఏ నెలలో ఏ గాలి వీస్తుంది? ఓడ కలప ఏ అడవిది, ఎవరు నరికారు? చుక్కల్లేని రాత్రి దారి ఎలా తెలుస్తుంది? ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాడికి ఆ రాజ్యం అన్నం పెడుతుందా, మూట లాక్కుంటుందా? వీటికి జవాబులు దొరికాక రుఖ్ పక్షిని ఎగరేయండి, దీవిని కదిలించండి. పాఠకుడు మారుమాట లేకుండా మీ ఓడెక్కుతాడు. జవాబుల కోసం దూరం పోనక్కర్లేదు. మన రేవుల్లో వలలు బాగుచేసుకుంటున్న పెద్దలను అడగండి, మోటుపల్లి వెళ్లి ఆ శాసనం ముందు నిలబడండి.