విడిపలకల బీరువా: కూర్పు, దిద్దుబాటు



పట్టణములనుండి మన గ్రామములకు బల్లలును, బీరువాలును నేడు విడిపలకలుగా పెట్టెలలో వచ్చుచున్నవి. పంపువాడు కుమారుడు, కూర్పవలసినవారు ఇంటనున్న పెద్దలు. ఈ పద్ధతి చిరకాలమునాటిది. 1859లో వియన్నా నగరమున మైకేల్ థోనెట్ అమ్మకమునకు దెచ్చిన కుర్చీకి ఆఱు కొయ్యముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. అట్టి కుర్చీలు విడదీసినవి 36 ఒక ఘనమీటరు పెట్టెలో నిమిడెడివి.

మొదట బొమ్మల కాగితమును తుదివఱకు చూడవలెను. పదచ్ఛేదము చేయక శ్లోకమునకు తాత్పర్యము చెప్పబూనరాదు గదా! అట్లే ముక్కలన్నియు లెక్కింపక కూర్పునకు దిగరాదు. నేలపై దుప్పటి పఱచి, మేకులను జాతివారీగా గిన్నెలలో నుంచుడు. అన్నియు అమరువఱకు ఏ మరను గట్టిగా బిగింపకుడు. వెనుకపలక కొట్టుటకు ముందు మూలనుండి మూలకు రెండు కర్ణములను త్రాటితో కొలువుడు. రెండును సమానమైనచో చట్రము సరియైనది. కానిచో పొడవైన కర్ణపు మూలలను మెల్లగా లోనికి నొక్కుడు.

పలక తలక్రిందులైనను, గరుకు అంచు వెలికి వచ్చినను బలవంతము చేయరాదు. కడపట బిగించినదానిని మొదట విప్పుచు, తప్పు జరిగిన చోటివఱకు వెనుకకు పోవలెను. జిగురంటిన కొయ్యచీల యూడిరాదు గావున జిగురు విషయమున తొందరపడకుడు. పొట్టు నదిమి చేసిన పలకలో మర వదులై తిరిగినచో, మందు తీసిన అగ్గిపుల్లలకు వడ్రంగిజిగురు పూసి రంధ్రమున నింపి, ఒక రాత్రి యారనిచ్చి, తిరిగి బిగించుడు.

ఇక ముఖ్యవిషయము. ఎత్తైన బీరువాను గోడకు బంధించుటకు పెట్టెలో నొక పట్టీ వచ్చును. బీరువా నిలిచినది గదా యని పలువురు దానిని విడిచెదరు. పిల్లవాడు సొరుగులు లాగి, వానిని మెట్లుగా నెక్కినచో బీరువా ముందునకొరగి వానిపై బడును. ఇట్లు శిశువులు మరణించినందున 2016లో అమెరికాదేశమున ఐకియా సంస్థవారు సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుబీరువాలను వెనుకకు దీసికొనుటకు పూనుకొనిరి.

మట్టిగోడలో మేకు నిలువదు. కావున అట్టి బీరువాను ఇటుకగోడ గల గదిలో నుంచి, పట్టీ బిగించి, చేతితో లాగి చూడుడు. మనుమలు తిరుగాడు ఇంట అంతటితోగాని కూర్పు ముగిసినట్లు కాదు.