హాస్టలు గదిలోని రేకు పెట్టె



మేము డిగ్రీ చదువుటకు హాస్టలుకు వెళ్లినప్పుడు మా వెంట నున్నవి రేకు పెట్టె, చాప, అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. గదిలోని ఎనిమిదిమందిమి కలిసి ఆ జాడీని మూడు దినములలో ఖాళీ చేసితిమి. నీళ్ల సాంబారును గూర్చి చెప్పనక్కరలేదు. ఆదివారము సాయంకాలము రూపాయి ఫోను యొద్ద వరుసలో నిలిచి, "బాగానే తింటున్నాము" అని ఇంటికి అబద్ధమాడుట మా కందరికిని అలవాటే.

మా గదిలో భద్రాచలం మన్యము నుండి వచ్చిన కోయ విద్యార్థి యొకడుండెను. అతని తెలుగును మేము వెక్కిరించితిమి. అతడు మాటలాడుట తగ్గించెను. చివరకు ప్రార్థనలో సైతము నోరు విప్పలేదు. దసరా సెలవులకు వెళ్లి తిరిగి రాలేదు. పెట్టె మాత్రము మంచము క్రింద ఉండిపోయెను.

తిరునెల్వేలి ప్రాంతమునుండి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారిని గూర్చి ఆ సంవత్సరమే మేము వ్యాసము వ్రాసి బహుమానము తెచ్చుకొంటిమి!

క్రిస్మసుకు ముందు ముగ్గురము ఆ పెట్టె మోసికొని అతని ఊరికి వెళ్లితిమి. అతని తల్లి మాకు జొన్న జావ పోసి, కోయభాషలో ఏమో అడిగెను. ఒక్క మాటయు మాకు అర్థము కాలేదు. అతడే తెలుగులో చెప్పెను: "కడుపు నిండిందా అని అడుగుతోంది."