ఒక్క అంకెతో అన్ని గుండెలా?



ఈ తిరుపతి సదస్సులో పశువుల గుండె జబ్బులన్నిటినీ సమీక్షించమని నిర్వాహకులు కోరారు. అంత ఓపిక నాకు లేదు. ఉన్న ఓపికంతా ఒక్క అంకెతో తగాదాకే దాచుకున్నాను. ఆ అంకె 10.5.

చిన్న జాతి కుక్కలకు వయసు మళ్లాక మిట్రల్ కవాటం మందమై కారుతుందని మీకు చెప్పక్కర్లేదు. మన ఓపీకి ఆ జబ్బుతో వచ్చేది ఎక్కువగా స్పిట్జే. 'పామరేనియన్ సార్, రాత్రంతా దగ్గుతా ఉంది' అంటూ తెస్తారు. మర్మర్ మాత్రం ఆ దగ్గుకు ఏళ్ల ముందే మొదలై ఉంటుంది. కొన్నిటికి ఆయాసం అసలే రాదు. మరి మందు ఎప్పుడు మొదలుపెట్టాలి?

2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం 360 కుక్కల్లో పిమోబెండాన్ మందును పరీక్షించి, గుండె వైఫల్యాన్ని సుమారు 15 నెలలు వెనక్కి నెట్టవచ్చని చూపింది. సంతోషం. అయితే అవన్నీ గుండె పెరిగినట్టు ఎకోలో తేలిన కుక్కలు. మన మిత్రులు కొందరు ఆ ముక్క వదిలేసి, ఎక్స్‌రేలో వెన్నుపూసల లెక్కన తీసే గుండె కొలత 10.5 దాటగానే చీటీ రాస్తున్నారు. 2001లో కొలిచిన ఆరోగ్యవంతమైన లాబ్రడార్ల సగటే 10.8, బాక్సర్లది 11.6. వాటన్నిటికీ మాత్రలు మింగిద్దామా? ఈ జబ్బుపై వచ్చిన 2019 మార్గదర్శకాలు 10.5ను ఎకో కొలతలతో జతచేసి చెప్పాయి. ఎకో లేనిచోట 11.5 అన్నాయి, అదీ జాతిని బట్టి సవరించుకోమన్నాయి. మదనపల్లెలో, పలమనేరులో కూర్చున్న డాక్టరుకు పనికొచ్చేది ఈ రెండో వాక్యం. రంగుల డాప్లర్ స్లయిడ్లు వేసే పండితులకు అది కనబడదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇక్కడ గుండె జబ్బంటే ఇనుప తీగ మింగిన ఆవుదే. పాడి జిల్లాలో కుక్క గుండె వింటానంటే పైవాళ్లు నవ్వేవారు. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదో లోకానికంతా తెలుసు. పుంగనూరు వీధిలో ముసలి స్పిట్జ్ గుండె ఏడాదికెంత పెరుగుతుందో మనకే తెలీదు.

స్పిట్జ్‌ను ఎవరూ కొలవలేదని కాదు. 2016లోనే 'వెటర్నరీ వరల్డ్'లో కొలతలు వచ్చాయి. అవి ఆరోగ్యంగా ఉన్నవాటివి. జబ్బుపడ్డ కుక్కనే ఏటా కొలవాలి. కవాలియర్ల మీద అలా చేసినవాళ్లకు, గుండె వైఫల్యానికి ముందు 6 నుంచి 12 నెలల్లోనే కొలత జోరుగా పెరుగుతుందని తెలిసింది. మన స్పిట్జ్‌లోనూ అంతేనా?

దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. జూలై 6న, జూనోసిస్ దినాన, ర్యాబిస్ టీకాకు కుక్కలు బారులు తీరతాయి కదా, ఏడేళ్లు దాటిన ప్రతి స్పిట్జ్‌కూ ఎడమ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టండి. మర్మర్ ఉంటే ఒక ఎక్స్‌రే, మరుసటి ఏడు అదే కుక్కకు ఇంకొకటి. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం ఇంటివాళ్లకు నేర్పండి. నిమిషానికి 30 దాటుతుంటే తీసుకురమ్మనండి. కుక్క పోయాక గుండె కోసి చూస్తామని అడగడానికి మొహమాటపడకండి. ఆ చాకిరీకి బంగారు పతకాలు లేవు కాబట్టే ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఈ కొలతలన్నీ ఒకే రిజిస్టరులోకి చేరాలని రేపటి తీర్మానాల్లో రాయించండి. ఈలోగా ఈ రెండు రోజుల్లో ఎవరైనా జాతి పేరు చెప్పకుండా 10.5 అన్నారో, గంట నా చేతిలోనే ఉంది.