పొయ్యి వెలిగించే ముందు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ మైకు దగ్గరకు వచ్చినప్పుడు పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూలు ఎంత అనేదే చెప్పి దిగిపోయేవాళ్ళం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వెనక పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మా తీర్మానాల పుస్తకంలో మేమే సంతకాలు పెట్టి రాసుకున్న ఒక తప్పు గురించి చెప్పాలని అందరం కూర్చొని అనుకున్నాం.

మా సంఘంలో ఒక చెల్లి ఉంది. పేరు చెప్పొద్దని తనే అడిగింది. ఒక సమావేశంలో మూడు వేలు చిన్న అప్పు కావాలంది. “పొయ్యి నేల మీదే ఉందక్కా, గట్టు కట్టించుకోవాలి, ట్యూబు కూడా పాతదైపోయింది” అని చెప్పింది. అదే రోజు ఒకరికి గేదె కొనడానికి, ఇంకొకరికి పిల్లవాడి ఫీజుకు డబ్బు కావాలి. “పొయ్యి వెలుగుతూనే ఉందిగా, వచ్చే నెల చూద్దాంలే” అన్నాం. అన్నది ఒకరిద్దరు కాదు, అందరం. పుస్తకంలో ‘వాయిదా’ అని రాసి, వరసగా సంతకాలు చేశాం.

మూడు వారాలు కాలేదు. సాయంత్రం గేదెను కట్టేసి లోపలికొచ్చి, పాలు కాచుదామని అగ్గిపుల్ల గీసింది. పొయ్యి దగ్గర ట్యూబు పగిలి ఉంది. గ్యాసు ఎంతసేపటి నుంచి పోతోందో తెలియదు. తలుపు చేరవేసి ఉంది, కిటికీ మూసి ఉంది. భగ్గుమంది. కుడి చెయ్యి మోచేతి దాకా, ఒక పాదం కాలాయి. పక్కింటి వదిన తడిపిన గోనెసంచి చేతికి చుట్టుకొని రెగ్యులేటరు కట్టేసింది కాబట్టి ఇల్లు మిగిలింది. బిడ్డ ఆ వేళకు వీధిలో ఆడుకుంటున్నాడు. వాడు లోపలుంటే అన్న మాట మాలో ఎవరమూ ఇప్పటికీ పైకి అనం.

ఆ మర్నాడు మా తీర్మానాల పుస్తకం తెరిచి ఆ ‘వాయిదా’ అన్న మాట చూసుకున్నాం. ఆ తర్వాతే ఊళ్ళో మన సభ్యుల ఇళ్ళన్నీ తిరిగాం. మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాం, కొన్ని మా చేతులతో చేసి చూశాం. అందులో మీకు పనికొచ్చేవి చెప్తాం.

ముందు వాసన సంగతి. గ్యాసుకు సొంత వాసన లేదు. కారితే మనకు తెలియాలని కంపెనీ వాళ్ళే ఆ కుళ్ళు వాసన కలుపుతారు. “మా ఇంట్లో బండ మార్చినప్పుడల్లా కాస్త వాసన వస్తుంది, అలవాటే” అని చాలామంది అన్నారు. దాన్ని అలవాటు చేసుకోకూడదు. వాసన వచ్చిందంటే ఎక్కడో కారుతోందనే.

రెండోది, ఈ గ్యాసు గాలి కన్నా బరువు. కట్టెల పొగలా పైకప్పుకు పోదు. నీళ్ళలా నేల మీద పరుచుకుంటుంది, గుంటలో, మూలలో, మంచం కింద నిలుస్తుంది. మన చెల్లి పొయ్యి నేల మీద ఉంది, తనూ నేల మీదే కూర్చుంది, అంటే ఆ గ్యాసు మడుగులోనే కూర్చొని పుల్ల గీసింది. నిలబడి వండుకునే గట్టు షోకు కోసం కాదని మాకు అప్పుడు అర్థమైంది. బండ నేల మీద నిటారుగా ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. బండను పడుకోబెట్టడం, గుంటలో దించడం, అయిపోవచ్చిందని తలకిందులు చేయడం, వేడినీళ్ళలో పెట్టడం, ఇవేవీ చేయకూడదు. గట్టు కింద తలుపులు పెట్టి అందులో బండ దాచే ఇళ్ళున్నాయి. అందంగానే ఉంటుంది కానీ ఆ తలుపులకు కింద, నేలకు ఆనుకొని, గాలి పోయే కంతలు ఉండాలి. పైన మాత్రమే పెడితే లాభం లేదు.

ట్యూబు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మా ఊళ్ళో ఎక్కువ తప్పులు అక్కడే కనిపించాయి. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘంలో ఉన్నందుకే మనలో చాలామందికి గ్యాసు వచ్చింది. ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డ రోజులు పోయాయి. తర్వాత 2016 నుంచి ఉజ్వల కనెక్షన్లు వచ్చాయి. బండ వస్తోంది, పోతోంది. కొందరి ఇళ్ళలో ట్యూబు మాత్రం కనెక్షన్ వచ్చిన రోజుదే. పచ్చరంగు రబ్బరు గొట్టం బిరుసెక్కి, వంచితే చీలికలు కనిపిస్తున్నాయి. ఒక ఇంట్లో చీలిక మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి దారం కట్టారు. ఇంకొక ఇంట్లో మరకలు పడకుండా ట్యూబుకు గుడ్డ తొడుగు కుట్టారు, చక్కటి కుట్టు. విప్పి చూస్తే లోపల ఎలుక కొరికిన గాటు. గుడ్డ ఉన్నందువల్లే అది ఎవరి కంటా పడలేదు.

కంపెనీ వాళ్ళు ఇచ్చే నారింజరంగు సురక్ష ట్యూబు లోపల సన్నటి ఉక్కు తీగ అల్లిక ఉంటుంది. ఎలుక కొరికినా తొందరగా తెగదు. దాని మీద సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. అయిదేళ్ళకు మార్చాలి, బాగున్నట్టు కనిపించినా సరే. పొడవు మీటరున్నర దాటకూడదు. రెండు ముక్కలు అతకకూడదు, గోడకు కన్నం పెట్టి అవతలి గదిలోకి లాగకూడదు, పొయ్యి వెనక నుంచి మంట పక్కగా పోనివ్వకూడదు. దానికయ్యే డబ్బు మనం పెళ్ళికి పెట్టే రవికెగుడ్డ కన్నా పెద్ద ఖర్చు కాదు. సంతలో తక్కువకు దొరికేది వద్దు, ఏజెన్సీలోనే తీసుకోండి, రసీదు అడగండి. పొయ్యికి, రెగ్యులేటరుకు కూడా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. ఏదైనా ప్రమాదం జరిగితే కంపెనీల బీమా ఉంటుంది, కానీ ఏజెన్సీకి వెంటనే కాగితం మీద రాసి ఇవ్వాలి. అప్పుడు వాళ్ళు ముందు చూసేది మనం వాడిన సామానే.

ఇక బండ వచ్చిన రోజు. తెచ్చినతను తొందరలో ఉంటాడు, మనం ఉండకూడదు. సీలు ఉందా, మూతకు దారం ఉందా చూడాలి. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు బండ బరువు. తూచి చూపించమని అడగడం మన హక్కు. పైన చుట్టూ ఉండే ఇనుప పట్టీల లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. సి-29 అని ఉంటే 2029 సెప్టెంబరులోగా ఆ బండను మళ్ళీ పరీక్షకు పంపాలని అర్థం. గడువు దాటిన బండ వస్తే తిప్పి పంపండి. ఇదంతా మా సంఘంలో ఎనిమిదో తరగతి చదివే ఒక సభ్యురాలి కూతురు మాకు నేర్పింది. ఇప్పుడు వీధిలో ఎవరికి బండ వచ్చినా ఆ పిల్లే వెళ్ళి చదువుతుంది.

మూత తీశాక లోపలికి తొంగి చూస్తే నల్లటి రబ్బరు వాషరు కనిపించాలి. లేకపోయినా, చీలినా ఆ బండను బిగించొద్దు. మూత పెట్టేసి ఏజెన్సీకి ఫోను చేయండి. దారం చుట్టి సరిపెట్టేది కాదు అది. బిగించే ముందు పొయ్యి రెండు నాబులూ కట్టి ఉండాలి, రెగ్యులేటరు ఆపిన వైపే ఉండాలి. బిగించాక ఒక గిన్నెలో సబ్బు నురగ చేసి రెగ్యులేటరు చుట్టూ, ట్యూబు రెండు చివర్లా రాయండి. బుడగలు లేస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, మా ఊళ్ళో మగవాళ్ళే ఎక్కువ.

ఒక మాట చెప్తే ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మనలో చాలామందికి దేవుడి గూడు వంటింట్లోనే ఉంటుంది. దీపం వెలుగుతూ ఉండగానే పక్కన బండ మారుస్తాం. కొత్త బండకు పసుపు కుంకుమ పెట్టి దాని మీదే అగరొత్తి గుచ్చిన ఇల్లు కూడా చూశాం. పసుపు పెట్టుకోండి, అగరొత్తి వద్దు. బండ మార్చే ముందు దీపం కొండెక్కించి, తలుపు తెరిచి, పని అయ్యాక మళ్ళీ వెలిగించుకుందాం. నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి కూడా అదే గదిలో ఉంటే దాన్ని బయటకు మార్చండి.

వాసన వస్తే ఏం చేయాలో మా సమావేశాల్లో ఒకరి తర్వాత ఒకరం నోటితో చెప్పించుకున్నాం, పిల్లలు ఎక్కాలు చెప్పినట్టు. లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు. స్విచ్చి వేసినా, తీసినా నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి. రెగ్యులేటరు, నాబులు కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. పిల్లల్ని, ముసలివాళ్ళని బయటికి పంపండి. ఫోను బయటికొచ్చాకే తీయండి. 1906కు చేయండి, అది గ్యాసు ప్రమాదాలకే పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది. మంటలు లేస్తే 101కు. లోపల మంట ఎక్కువగా ఉంటే రెగ్యులేటరు కోసం వెళ్ళొద్దు. మన వదిన వెళ్ళింది, అదృష్టం కలిసొచ్చింది. అందరికీ అలా కలిసిరాదు.

బూరెల మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. మంట ఎగిరి మీద పడుతుంది. పొయ్యి కట్టి, మూకుడు కదపకుండా, పెద్ద పళ్ళెం మూత పెట్టేయాలి.

కాలితే చేయాల్సింది కూడా మేము ఆ రోజే నేర్చుకున్నాం, ఆలస్యంగా. ఒకరు టూత్‌పేస్టు, ఒకరు సిరా, ఒకరు కోడిగుడ్డు తెచ్చారు. అందరూ ప్రేమతోనే తెచ్చారు. ఆసుపత్రిలో అదంతా కడిగి తీసేటప్పుడు ఆ చెల్లి పడిన బాధ కాలినప్పటి కంటే ఎక్కువ. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి, ఇరవై నిమిషాల సేపు మామూలు చన్నీళ్ళ ధార కింద పెట్టాలి. ఐసు వద్దు. ఒంటికి అంటుకున్న బట్ట లాగొద్దు. శుభ్రమైన నూలు గుడ్డ కప్పి 108 పిలవాలి.

రోజువారీ పని పెద్దగా ఏమీ లేదు. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారి గిన్నె అడుగు మసిబారుతుంటే బర్నరు కంతలు పూడుకున్నట్టు. వారానికోసారి చల్లారాక తీసి, వేడినీళ్ళు, సబ్బుతో రుద్ది, పిన్నీసుతో కంతలు తీసి, పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపలి జెట్టును మాత్రం సూదితో పొడవొద్దు, కంత పెద్దదైతే మంట అదుపు తప్పుతుంది. నాబు బిగుసుకుంటే కొబ్బరినూనె పోస్తారు, అది కూడా వద్దు, మెకానిక్ పని అది. పాలు పెట్టి ఫోనులో పడితే, పొంగి మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. పడుకునే ముందు నాబు ఒక్కటి కాదు, రెగ్యులేటరు కూడా కట్టేయాలి. వంట చేసేటప్పుడు కొంగు నడుముకు దోపుకోండి, గిన్నె దించడానికి మసిగుడ్డ కాకుండా కొంగు వాడే అలవాటు మానండి. ఇది చెప్పే మేము కూడా ఇంకా అప్పుడప్పుడు మరిచిపోతున్నాం.

మా సంఘం ఇప్పుడు రెండు పనులు చేస్తోంది. సమావేశం ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి వంటింట్లోకి ముందు ఇద్దరం వెళ్ళి ట్యూబు మీద సంవత్సరం చదివి పుస్తకంలో రాస్తాం. మొదట్లో ఇది కొందరికి నచ్చలేదు, “మా వంటిల్లు చూడ్డానికి వచ్చారా” అన్నారు. ఇప్పుడు వాళ్ళే పిలుస్తున్నారు. రెండోది, పొయ్యికి, ట్యూబుకు, గట్టుకు అడిగిన చిన్న అప్పు ఆ రోజే ఇవ్వాలి, వాయిదా వేయకూడదని తీర్మానం చేసుకున్నాం. మన చెల్లికి గట్టు కట్టించాం. చెయ్యి మానింది, వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. కుట్టుమిషను పని మానేసి ఇప్పుడు సంఘం లెక్కలు తను చూస్తోంది.

సమాఖ్యను మేము అడిగేది ఒక్కటి. అన్ని గ్రామ సంఘాలూ కలిసి ట్యూబులకు ఒకేసారి ఇండెంటు పెడితే, ఏజెన్సీ మెకానిక్‌ను ఊరికి ఒక రోజు పిలిపించుకోవచ్చు. ఈ ఏడాది ప్రణాళికలో దానికి చోటివ్వాలని కోరుతున్నాం.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద ఖాళీ బండ, రెగ్యులేటరు, సబ్బు నురగ పెట్టి ఉంచుతాం. బిగించడం, తీయడం మీ చేతులతో చేసి చూసుకోండి. ఇంటి ట్యూబు మీద ఏ సంవత్సరం ఉందో తెలియనివాళ్ళు ఇంటికి ఫోను చేసి పిల్లల చేత చదివించి, ఆ కాగితంలో మీ పేరు పక్కన రాసి వెళ్ళండి.