నాన్నగారి ఆదివారాలు

హనుమాన్ జంక్షన్ అంటే మీలో చాలామందికి బస్సు మారే చోటు. నాకు మాత్రం నాన్నగారి రైసుమిల్లు, ఆ తవుడు వాసన.

వారమంతా తవుడు దుమ్ములో మునిగి ఉండే ఆ మనిషి, ఆదివారం తెల్లవారకముందే చద్దన్నం, ఆవకాయ మూటగట్టుకుని గుడివాడ బస్సెక్కేవారు. అక్కణ్ణించి కైకలూరు, ఆపైన కొల్లేరు. చలికాలంలో ఆటపాక చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టాయంటే ఇక చీకటి పడితేగానీ ఇల్లు చేరరు. "మిల్లు కంటే పిట్టలెక్కువ" అని అమ్మ సణిగేది.

1990లలో చేపల చెరువుల జోరు. బంధువులంతా కొల్లేట్లో గట్లు వేశారు. ఇద్దరాడపిల్లలున్నారు, మనమూ పెడదామని అమ్మ పోరింది.

"బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదంతా కొల్లేరు పట్టుకోవాలి. దాన్ని పూడిస్తే చేలు మునుగుతాయి. ఇక మిల్లుకి వడ్లెక్కడివే?" అన్నారాయన. పదో తరగతితో నా చదువు ఆగితే, అమ్మ దానికీ గూడబాతులనే ఆడిపోసుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ కోపమే.

1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో లోపలి చెరువుల గట్లు తెంచేశారు. నష్టపోయిన బంధువుల్ని నాన్నగారు ఒక్కమాట దెప్పలేదు సరికదా, ఇంటికో బియ్యం బస్తా పంపారు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.

ఆయన పోయిన మరుసటేడు అమ్మే చద్దన్నం కట్టి, "ఆటపాక తీసుకెళ్ళవే" అంది. ఆయన బైనాక్యులర్స్‌లోంచి చాలాసేపు చూసింది.

"ఇన్నుంటాయని చెప్పలేదేమే మీ నాన్న?"

చెప్పకేమండీ, ప్రతి ఆదివారం రాత్రీ చెప్పేవారు.