పాటకూ మందుకూ ఒకే కట్టుబాటు

(వేసవి శిబిరం ముగింపు రోజున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ వారం రోజులూ మీరు పొద్దున్నే పెద్దల వెంట అడవికి వెళ్లి మందు చెట్లు చూశారు. సాయంత్రాలు వాయిద్యాలు నేర్చుకున్నారు. ఈ రెండింటినీ ఒకే శిబిరంలో ఎందుకు పెట్టారని మొదటి రోజు మీలో కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు ఈ రోజు జవాబు చెబుతాం.

పశ్చిమ ఆఫ్రికా వాయిద్యాల గురించి చెప్పిన సాయంత్రం మీరందరూ ఎంతో ఇష్టంగా విన్నారు. అక్కడ మాలి, గినియా దేశాల్లో గ్రియోలు అనే గాయక కుటుంబాలు ఉన్నాయి. 21 తీగల కోరా మీటుతూ తమ పోషకుల వంశ చరిత్రలు పాడటం వాళ్ల పని. అది వింటుంటే మనకు ఎవరు గుర్తుకు రావాలి? మన పర్ధాన్లు, తోటీలు. మూడు తీగల కీక్రీ వాయిస్తూ గోండుల గోత్ర కథలు, పేన్ల కథలు తరతరాలుగా కాపాడింది వాళ్లే. కోరా ఈనాడు ప్రపంచ వేదికలెక్కింది. మన కీక్రీ పట్టేవాళ్లు మాత్రం ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. పెళ్లికి డీజే పెట్టించడం మనకు తేలిక. పెప్రె ఊదే తాతను పిలవాలంటేనే బద్ధకం.

ఇక గుస్సాడీ సంగతి. మార్లవాయికి చెందిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా గర్వపడ్డాం. 2024లో ఆయన మనకు దూరమయ్యారు. గుస్సాడీకి నెమలి ఈకల టోపీ ఎంత ముఖ్యమో, దీక్ష అంత ముఖ్యం. దండారి రోజుల్లో దీక్షలో ఉన్న గుస్సాడీ స్నానం చేయడు. కోలబోడితో దీక్ష ముగుస్తుంది. గుస్సాడీ చేతి కర్ర తాకితే రోగం పోతుందని మనవాళ్ల నమ్మకం. అంటే మన దగ్గర ఆట, పాట, వైద్యం ఏనాడూ వేరు వేరు గదుల్లో లేవు. మూడింటికీ కాలం ఉంది, నియమం ఉంది, ఎవరు చేయాలో కట్టుబాటు ఉంది.

మందు చెట్టు దగ్గరా అదే కట్టుబాటు. బెరడు తీసే ముందు ఎంత తీయాలో, ఏ పక్క తీయాలో, ఎంత వదిలేయాలో పెద్దలు మీకు చూపించారు. తపసి చెట్టుకు బంక కోసం లోతుగా గాటు పెడితే చెట్టే ఎండిపోతుంది. ఆశపడి అలా పోగొట్టుకున్న చెట్లు మన అడవిలో తక్కువేం కాదు.

ఇంకొక మాట. మొక్క కనిపించగానే వీడియో తీసి పెట్టేయకండి. కేరళ అగస్త్యమల కొండల్లో కాణి గిరిజనులు 1987లో తమ వెంట వచ్చిన శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ కాయలు రుచి చూపించారు. దానితో జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి తయారీ హక్కు ఇచ్చారు. వచ్చే సొమ్ములో సగం కాణీలకని ఒప్పుకొని, 1997లో ట్రస్టు పెట్టారు. అది మంచి పనే. కానీ తమ వైద్యులను ముందుగా అడగలేదని కాణీలలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. జీవ వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సమాజానికే హక్కని అందులో రాసి ఉంది. ఊరి పెద్దలను, గ్రామసభను అడిగాకే ఏదైనా బయటికి చెప్పండి.

చివరిగా, కొంచెం కటువైనా చెప్పాల్సింది. పాము కరిస్తే ఆకు పసరు కోసం వెతకొద్దు. పసరు కోసం పోయిన గంట మళ్లీ రాదు. వెంటనే విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. సికిల్ సెల్ మన రక్తంలోనే వచ్చే జబ్బు. దాన్ని దేవర కోపమని దాచకండి, పరీక్ష చేయించుకోండి. పెళ్లికి ముందు ఇద్దరూ చేయించుకోవడం ఇంకా మంచిది. తన చేతిలో లేని జబ్బును ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పే వైద్యుడే మన మంచి వైద్యుడు. అలా చెప్పినందుకు ఆయన విద్యకు విలువ తగ్గదు.

ఇంటికి వెళ్లాక మీకు ఒక పని. మీ ఊళ్లో కీక్రీ, పెప్రె, గుమేల వాయించగల పెద్దలెవరో, మందు ఇవ్వగల అవ్వ ఎవరో కనుక్కోండి. వాళ్ల దగ్గర కూర్చోండి. నీళ్లు మోయండి, కట్టెలు తెండి. వాళ్లు ఎంత చెబితే అంత వినండి, వద్దన్నది రాయకండి. వచ్చే దండారికి మీలో కనీసం ఒకరిద్దరు గుమేల పట్టుకొని మా పక్కన నిలబడాలి. మేం ఎదురు చూస్తుంటాం.

జై జంగో, జై లింగో!