క్రైస్తవ విశ్వాసము – మతసాంకర్యము



తెలుగు క్రైస్తవ వాఙ్మయమును గూర్చి విచారించుటకు సమావేశమైన ఈ సభకు అధ్యక్షత వహించు గౌరవమును నాకు ప్రసాదించిన ఆహ్వానసంఘము వారికి నా హృదయపూర్వకమైన కృతజ్ఞతలు. విద్యయందును, సంఘసేవయందును నాకంటె పెద్దలైనవారు ఈ సభలో అనేకులున్నారు. వారి యెదుట నేను నూతన సిద్ధాంతమును ప్రతిపాదింపబూనలేదు. మన విశ్వాసమును అన్యవిశ్వాసములతో కలగాపులగము కానీయక కాపాడుకొనుట యెట్లను ప్రశ్న మన సంఘములలో తఱచుగా వినబడుచున్నది. దానికి బోధకులే కాక, కీర్తనకారులును గ్రంథకర్తలును కూడ ప్రత్యుత్తరము చెప్పవలసినవారే కావున, దానినే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొనుచున్నాను.

ఈ ప్రశ్న వేదగ్రంథమంత ప్రాచీనమైనది. అష్షూరు రాజు షోమ్రోను పట్టణములలో నివసింపజేసిన జనులు యెహోవాయందు భయభక్తులు గలవారై యుండియు, తమ తమ దేవతలను సహితము సేవించుచుండిరని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది. వారు దేవుని నిరాకరింపలేదు. ఆయన ప్రక్కన మఱికొందఱిని నిలిపిరి. సాంకర్యము ఎల్లకాలములయందును ఈ త్రోవనే ప్రవేశించినది. అపొస్తలులు యెరూషలేమున సభ తీర్చినప్పుడు, అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులపై సున్నతి భారమును మోపరాదనియు, అయినను వారు విగ్రహార్పితములను విసర్జింపవలెననియు నిర్ణయించిరి. ఒక్క తీర్మానముననే స్వేచ్ఛయు, హద్దును ఇమిడియున్నవి. తరువాత 325వ సంవత్సరమున నీకయ మహాసభలో అరియు బోధ విచారణకు వచ్చినప్పుడును సమస్య యిట్టిదే: కుమారుడు సృష్టింపబడినవాడైనచో, ఆయనను ఆరాధించుట సృష్టిపూజయే యగును గదా యని అథనాసియు వాదించెను. ఆ సభలోని పితరులు గ్రీకు తత్త్వవేత్తల పరిభాషను స్వీకరించియే ఆ సత్యమును కాపాడిరి. పరుల పరిభాష వలన వారి విశ్వాసము చెడలేదు. ఆ పరిభాషతో తామేమి చెప్పవలెనో వారికి స్పష్టముగా తెలిసియుండెను.

మన ప్రాంతమున ఇట్టి వివేకమునకు నిదర్శనముగా నిలిచిన మహనీయుడు పురుషోత్తమ చౌధరి. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన ఆ భక్తకవి, కీర్తనను గాని శతకమును గాని వృత్తపద్యమును గాని పరమతస్థుల సొత్తని త్రోసిపుచ్చలేదు. పల్లవి, అనుపల్లవి, చరణములతో, రాగతాళములతో ఆయన రచించిన కీర్తనలు నేటికిని పల్లెలలోని ప్రార్థనామందిరములలో, అక్షరము రాని వృద్ధుల నోళ్లలో సజీవముగా నున్నవి. ఆ కలమే ‘కులాచార పరీక్ష’ యను గ్రంథమును వ్రాసి, తాను పుట్టిపెరిగిన సమాజపు కట్టుబాట్లను నిర్దాక్షిణ్యముగా విమర్శించినది. సాహిత్యరూపముల నంత ధారాళముగా గ్రహించినవాడే శరణ్యుని విషయమున అణువంతయు సడలింపు చూపలేదు. తానేమి విడిచెనో, ఎవనిని ఆశ్రయించెనో ఆయన యెఱుగును. ఆ యెఱుకయే ఆయనకు ధైర్యమైనది. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయము దేశీయ వాస్తురీతులను ధరించియు క్రీస్తునే ఘోషించుచున్నదన్న, అజరయ్య బిషప్పుగారి కాలమున దానిని నిర్మింపజేసినవారికిని ఆ యెఱుకయే తోడైనదని చెప్పవలెను.

విద్వాంసుల మాట అటుండనిచ్చి, సామాన్యుల చరిత్రను చూతము. 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులమున జన్మించి, అంతకుముందు రాజయోగ సంప్రదాయమును అనుసరించి, దైవాన్వేషణలో కాలము గడిపినవాడు. ఆయన పూర్వపు తపనను పరిహసించుట మనకు తగదు; ఆ తపనయే ఆయనను క్రీస్తు పాదములచెంతకు నడిపించినది. ఒంగోలు ప్రాంతమున మిషనరీ క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసులను కోరినవి మూడు: ఆదివారమున పని మానుట, చచ్చిన పశువుల మాంసమును తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. వినుటకివి సులభముగా తోచును. కాని గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టుట కులవృత్తిగా నున్న వారికి, ఆ డప్పును మానుటయన గ్రామపెద్దల ఆగ్రహమును కొనితెచ్చుకొనుట. ఆ నిరుపేదలు హింసలను సహించి యైనను డప్పు ముట్టలేదు. విశ్వాసరక్షణ యెట్టిదో మనకు ముందుగా నేర్పిన ఆచార్యులు వారు.

1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతటి జనసమూహమునకు బాప్తిస్మ మిచ్చుటకంటె వారిని బోధయందు స్థిరపఱచుట అనేకరెట్లు కష్టము. బోధ చాలనిచోట పాతభయము మరలివచ్చును. బిడ్డకు జ్వరము తగిలినప్పుడు తాయెత్తు, వివాహమునకు ముహూర్తము, ప్రయాణమునకు రాహుకాలము – ఇవి ఆదివారపు ఆరాధనకు ప్రక్కప్రక్కనే మన యిండ్లలో కాపురముండుట నేడును చూచుచున్నాము. అంతకంటె సూక్ష్మమైన సాంకర్యము ప్రార్థనలోనే ప్రవేశించుచున్నది: ఇంత కానుక వేసెదను, ఈ కార్యము నెరవేర్చుమని ప్రభువుతో బేరమాడుట. పేరు క్రీస్తుది, సంబంధము మ్రొక్కుబడిది. అట్టిచోట కృప యను సిద్ధాంతము నోటిమాటగానే మిగులును.

సాంకర్యమును గుర్తించుటలో మనము పొరబడుటయు కలదు. 1606లో తమిళనాటి మధుర చేరిన కతోలిక మిషనరీ రాబర్టు డి నొబిలి సన్న్యాసివేషమును ధరించి, శాకాహారియై, బ్రాహ్మణులకు సువార్తను బోధించెను. జందెమును, శిఖను, గంధమును గూర్చి ఐరోపాలో ఘోరవివాదము చెలరేగగా, 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపు, వానిలోని అన్యారాధనాంశమును తొలగించిన పక్షమున వానికి అనుమతి నొసగెను. అందఱి దృష్టియు గంధముపై నుండగా, కులభేదము సంఘములో పీట వేసికొనెను. అగ్రకులములవారికొక గురువు, తక్కువవారని యెంచబడినవారికి వేఱొక గురువు ఏర్పడిరి. ప్రభువు బల్లయొద్ద అంతరములు పాటించుట యే విగ్రహారాధనకును తీసిపోని సాంకర్యము. ఆ దోషము మధురకు గాని, ఆ శతాబ్దికి గాని, ఆ సంఘమునకు గాని పరిమితము కాదని మన శ్మశానభూములును, మన వివాహసంబంధములును సాక్ష్యమిచ్చుచున్నవి. జర్మనీలో జాతిని, రక్తమును సువార్తతో కలిపి బోధించువారు బయలుదేరినప్పుడు, 1934లో బార్మెన్ పట్టణమున కూడిన విశ్వాసులు, క్రీస్తు దక్క సంఘము ఆలకింపవలసిన వేఱొక దైవవాక్కు లేదని ప్రకటించిరి. సాంకర్యము అన్యమతముల నుండియే కాదు, స్వజాత్యభిమానమునుండియు వచ్చునని వారు గ్రహించిరి.

కావున ఒక ఆచారము మన యెదుటికి వచ్చినప్పుడు మనము విచారింపవలసినవి మూడు: అది దేవునికి చెల్లవలసిన ఆరాధనను మఱియొకరితో పంచుచున్నదా? క్రీస్తు విడిపించిన భయమును తిరిగి మన మెడకు కట్టుచున్నదా? ప్రభువు బల్లయొద్ద సోదరుని సోదరునినుండి వేఱుచేయుచున్నదా? ఈ మూటిలో దేనికిని లోనుకానిది తంబురయైనను, దీపమైనను, చాపపై కూర్చుండి చేయు ప్రార్థనయైనను, దానిని నిందించుటకు మనకధికారము లేదు.

అన్ని మతములును ఒక్కటేయని పలుకుట ఔదార్యమని కొందఱు తలంతురు. నిష్ఠగల వైష్ణవుడు గాని, ముసల్మాను గాని తన విశ్వాసమును గూర్చి అట్లు చెప్పుటకు సమ్మతింపడు. పొరుగువాని గ్రంథములను శ్రద్ధతో చదివి, అతడు నమ్మునది అతని మాటలలోనే గ్రహించి, మన విశ్వాసమును వినయముతో దాపరికము లేక తెలుపుటయే నిజమైన గౌరవము.

ఇక మన కర్తవ్యము. గ్రామసంఘపు పెద్దకు బోధపడు తెలుగులో ఉపదేశ గ్రంథములు కావలెను. ప్రతితరమునకును అవి క్రొత్తగా వ్రాయబడవలెను. ప్రాచీన కీర్తనలకు సిద్ధాంతపరమైన వ్యాఖ్యానములు కావలెను. క్రొత్తగా వెలువడు పాటను దాని రాగమాధుర్యము చేతనే కాక, అందలి బోధచేతను పరీక్షించు సాహసము సంపాదకులకు కావలెను. కులమును ఖండించు రచన ఒక పురుషోత్తమ చౌధరితో ఆగిపోరాదు. డప్పు ముట్టక దెబ్బలు తిన్నవారికి చదువు లేదు. చదువు గలిగిన మనము వారికంటె తక్కువ ధైర్యము చూపుట న్యాయము కాదు. ఈ సభకు వచ్చిన ప్రతి రచయితయు వీనిలో ఒక్క పనినైనను స్వీకరించి స్వగ్రామమునకు మరలవలెనని అధ్యక్షస్థానమునుండి మిమ్ము వేడుకొనుచున్నాను.